కథల గదికి కొళాయి

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. పిల్లలకు మన భాషా మన కథలూ అబ్బాలంటే గది అందంగా ఉండాలి. గది అందంగా ఉండాలంటే దాన్నెవరూ ముట్టుకోకూడదు. మాస్కులు గడ్డం కిందికి జారిన కాలమది. దుబాయ్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా నా మొదటి ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. అక్కడి కరామా పేటలో మనవాళ్లు వారాంతాల్లో పిల్లలకు తెలుగు నేర్పే ఫ్లాట్‌లో 'కథల గది' చేసే పని నాకప్పగించి, మా ముదీర్ (అంటే మేనేజరు, తెలుగు ముక్క రాని మలయాళీ) హిందీలో తేల్చేశాడు: పిల్లలు కూర్చుని కథ వింటే ఉద్యోగం పక్కా, లేదంటే ఖలాస్.

ప్రాణం పెట్టి చేశాను. గోడ నిండా తోలుబొమ్మలు, లక్కబొమ్మల రంగుల్లో పీటలు, కథ చెప్పేవాళ్లు కూర్చోవడానికి పల్లకీ, కింద పాలరంగు తివాచీ. ఆ తివాచీ మీద ప్రేమకొద్దీ 'తినుబండారాలు లోపలికి తేరాదు' అని తలుపుకు బోర్డు కూడా తగిలించాను (అందరూ శ్రద్ధగా చదివింది అదొక్కటే). మొదటి కథ చెప్పడానికి నెల్లూరు నుంచి వచ్చి ఆ బిల్డింగులోనే ఉంటున్న మా పిన్నిని ఒప్పించాను.

ప్రారంభం రోజు ముదీర్ వచ్చేసరికి గదిలో ఉన్నది పల్లకీ, పీటలు, నేను. పిల్లలంతా బయట లిఫ్టు ముందు, చెప్పుల గుట్ట పక్కన కూర్చున్నారు. మధ్యలో పిన్ని, ఒళ్లో పెరుగన్నం గిన్నె. ఒక ముద్ద, ఒక వాక్యం, ఒక ఊఁ. నాకు ఒళ్లు మండిపోయింది.

"పిన్నీ, లోపల పల్లకీ చేయించి పెడితే ఈ చెప్పుల మధ్య ఏంది నీ కథ?"

"బోర్డు పెట్టింది నువ్వే గదరా. ముద్ద లేకుండా పిలకాయలకి కథ ఎట్టా చెప్పేది? నోట్లో ముద్దుంటే ఊఁ కొడతారు. లేకుంటే ప్రశ్నలేస్తారు."

నా ఉద్యోగానికి నీళ్లొదులుకుని ముదీర్ వైపు తిరిగాను. ఆయన చూపు పెరుగన్నం గిన్నె మీదే ఉంది. చిన్నప్పుడు వాళ్లమ్మ కూడా ఇలాగే పెట్టేదట.

"కథ నడుస్తోంది కదా," అన్నాడు. "మరి నీ గదిలో చేతులు కడుక్కునేదెక్కడ?"

తివాచీ పోయింది, కొళాయి వచ్చింది, ఉద్యోగం మిగిలింది. ఇప్పుడు పిల్లల గది ఏది గీసినా ముందు కొళాయి గీస్తాను. ఇది లైబ్రరీయా హోటలా అని క్లయింట్లు విసుక్కుంటే, ఆ పాలరంగు తివాచీ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. పిన్ని నెల్లూరు వెళ్లిపోయింది. రోజూ ఫోన్లో కనిపించి నా కూతురికి కథ చెబుతుంది, ముద్దలు నేను పెడతాను. ఊఁ మాత్రం ఇద్దరం కొడతాం.