ఉత్త ఫ్లాష్

మొన్న మిర్యాలగూడ పెండ్లిల నా పదిహేనేండ్ల గుట్టు రట్టయింది. రట్టు చేసింది పగోడు కాదు, నేనే మోజుపడి కొన్న కొత్త డిజిటల్ కెమెరా. చాయ్ తాగుకుంట ఇనండి.

సూర్యాపేట నుంచి కోదాడ దాకా ఇంక ఏ ఫొటోగ్రాఫర్ దగ్గరా అసొంటిది లేదు. రీలు లేదు, కడుగుడు లేదు. ఫొటో ఫ్లాపీల పడ్తది, తీసిన ఎంటనే ఎనక చిన్న తెర మీద కనపడ్తది. రైస్ మిల్లు సేటు చిన్నబిడ్డ పెండ్లికి పోయి, పందిట్ల అందరికీ అదే చెప్పిన. "అనుమానముంటె అడుగుండ్రి, నిమిషంల సూపిస్త" అని. సేటుకు ఇంక ఇద్దరు కొడుకులున్నరు. ఈ పెండ్లి మంచిగ తీస్తె ఆ రెండూ నాయే.

మా పనిల ఒక అలవాటుంటది. రీలుకు ముప్పై ఆరు ఫొటోలే. అడిగినోళ్ళందరికీ తీస్తె తాళి కట్టేటప్పటికి రీలు ఖతం. అందుకని ఎవరన్న మరీ ఎంటపడ్తె, వరుసగ నిలబెట్టి, నవ్వమని, ఫ్లాష్ గన్ ఎనక బటన్ ఒక్కటే ఒత్తుత. వెలుగొస్తది, ఫొటో పడదు. వాళ్ళు ఖుష్, రీలు భద్రం.

హాలియా నుంచి పెండ్లిపిల్ల మేనమామ పన్నెండు మందిని ఎంటేసుకొచ్చి నిలబడ్డడు. కెమెరా మారింది గాని నా చెయ్యి మారలే. ఉత్త ఫ్లాష్ కొట్టిన.

"ఏదీ, సూపియ్యి తమ్మీ," అన్నడు.

తెర మీద వంటాయన వంకాయలు తరుగుతున్నడు. అంతకుముందు తీసింది అదే మరి.

పెద్దాయన కోపం చెయ్యలే. తెర దిక్కు చూసిండు, ఫ్లాష్ దిక్కు చూసిండు. "పెద్దబిడ్డ పెండ్లికి గూడ నువ్వే గదా తీసింది. ఆల్బంల మేం లేమేందంటె రీలు కరాబైందంటివి," అన్నడు మెల్లగ.

ఇగ ఆ మాట పందిరంత పాకి, పొద్దటి నుంచి నా వెలుగు పడ్డోళ్ళంత లైను కట్టిన్రు. అందరికీ తీసిన, అందరికీ చూపిన. తీరా తలంబ్రాలప్పుడు చూస్తె తెచ్చిన ఫ్లాపీలన్నీ నిండినయ్. ఒక్క ఫొటోకు గూడ జాగ లేదు. సేటు నా దిక్కే చూస్తున్నడు. తలంబ్రాలు లేని ఆల్బం ఇస్తె మళ్ళ ఆ ఇంటి గడప తొక్కనిస్తడా?

నా ముఖం చూసి మేనమామకు సమజైంది. దగ్గరకొచ్చి చెవిల అన్నడు: "మాది తుడిపెయ్ తమ్మీ. నీ ఆల్బంల లేకుంట ఉండుడు మాకేమన్న కొత్తనా?"

తుడిపిన. తలంబ్రాల ఫొటో బ్రహ్మాండంగ వచ్చింది. పోయేటప్పుడు సేటు కొడుకుల పెండ్లిళ్ళు గూడ నాకే చెప్పిండు. గెలిచినట్టే అనుకోండి. ఈ పనిల తిట్లు మస్తు తిన్న గాని, ఇంత మర్యాదగ నన్ను ఎవ్వలూ కొట్టలే.