మాస్టారి ఎడమ చెంప

ఆ ఆదివారం నేను చేసిన తప్పు ముందే చెబుతాను. గద దెబ్బ ఆపగలిగి ఉండీ ఆపలేదు. చెయ్యి జారిందని అందరికీ చెప్పాను. జారలేదు.

డెబ్భైల చివర్లో తణుకులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. సెలవుల్లో పౌరాణిక నాటకాలు ఆడేవాళ్ళం. గదలతో తలపడే ఇద్దరు రాజుల్లో ఒక వేషం నాది, రెండోది హైస్కూలు తెలుగు మాస్టారిది. ఆ పూట ఒక రైసుమిల్లు షెడ్డులో రిహార్సలు. నిడదవోలు నుంచి వచ్చిన మేకప్ మనిషి దారం పెట్టి మా ముఖాలు కొలిచాడు. నుదురు, ముక్కు, గడ్డం మూడూ సమంగా ఉండాలట.

"మాస్టారికి దేవుడే మేకప్ చేసి పంపాడండి. ఆ చెంప ఎముకల మీద లైటు పడితే చాలు" అన్నాడు. నన్ను కొలిచి దారం చుట్టేశాడు. "మీదేంటండీ, పెనం మీద అట్టులా పరుచుకుపోయింది? ఎంత రంగు పూసినా బుగ్గ లేవదు."

అందరూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, "రాజుగారూ, కిరీటం కాస్త కిందికి లాగండి, కనబడదు" అన్నారు.

గదాయుద్ధంలో తబలా మూడో దెబ్బకి నా గద ఆయన భుజానికి బెత్తెడు దూరంలో ఆగాలి. ఆ లెక్క నమ్ముకునే ఆయన కళ్ళు మూసుకుని తల తిప్పేవారు. ఆ రోజూ తిప్పారు. నేను మణికట్టు బిగించలేదు. చింతకర్ర గద ముఖం మీద పడింది. ఎండు కొబ్బరిచిప్ప పగిలినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ళ మీద కూలిపోయారు. ఎడమ కన్ను కింద చెంప లోపలికి పోయింది. నోట్లోంచి కారిన రక్తం ఊకలో ఇంకిపోయింది. నా చెయ్యి రెండోసారి లేవబోయింది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు.

ఎముక అతికింది గాని గుంట పూడదన్నాడు రాజమండ్రి డాక్టరు. మాస్టారు ఇక వేషం కట్టనన్నారు.

"ఒక పక్క రాజు, ఒక పక్క ముష్టివాడు. ఎవరు చూస్తారండి? మీరేం చేస్తారు లెండి, జారింది" అని నన్నే ఓదార్చారు. అది భరించలేకపోయాను.

మర్నాడు వాళ్ళ అరుగు మీద, ఇంటిల్లిపాదీ వింటుండగా నిజం చెప్పేశాను. ఆయన బావమరిది నా ముక్కు మీద గుద్దాడు. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మాస్టారు లోపలికెళ్ళి తలుపేసుకున్నారు.

నా వేషం వేరొకరికి వదిలేశాను. మేకప్ మనిషిని బతిమాలి ఆర్నెల్లు మైనం, దూది, జిగురు కలిపి ముఖం మీద గుంట పూడ్చడం నేర్చుకున్నాను. తర్వాత పెట్టె పట్టుకుని మాస్టారింటికి వెళ్ళాను. ఆయన పెట్టె మూత తీసి చూశారు. చివరికి కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

"కానివ్వండి. కొట్టినంత గట్టిగా మాత్రం నొక్కకండి."

రెండు చెంపలూ సమంగా వచ్చేదాకా మూడుసార్లు తీసి పెట్టాను. ఆ నెలలోనే ఆయన మళ్ళీ వేషం కట్టారు. అప్పటినుంచి ఏ ఊళ్ళో నాటకమున్నా అందరికంటే ముందు వెళ్ళి, ఆ చెంప నేనే దిద్దుతూ వచ్చాను.