మేమున్న ఇల్లు నేనే చూపెట్టిన

ఇండ్ల బ్రోకర్ లైసెన్స్ వచ్చినంక నేను అమ్మిన మొదటి ఇల్లు, మేము కిరాయికున్న ఇల్లే.

ఈ పని నాకు గల్లీలనే అంటింది. మా ఆయన బస్సు డిపోల మెకానిక్కు. పిల్లలు బడికి పోయినంక నాకు పొద్దుపోకపోతుండె. లాల్‌దర్వాజాల మా గల్లీ ఇరుకు, ఎవరిల్లు ఖాళీ అయితున్నదో, ఎవరికి గది కావాల్నో ముందుగాల నాకే తెలుస్తుండె. ఇద్దరిని కలిపితే ఒక నెల కిరాయి చేతుల పెట్టిండ్రు. గట్ల మొదలైంది. కిషన్‌బాగ్ దిక్కు పరదా ఇండ్లల్ల మొగ బ్రోకర్లు ముందటి గది దాటి పోరాదు. నేనైతే వంటింటి దాంక పోయి, గూడు గూడు చూసి వస్తుంటి. అందుకే నన్ను పిలుస్తుండిరి. అంతా నోటి మాట మీదనే నడిచేది. కొత్త అపార్ట్‌మెంట్లు అమ్మాలంటే మాత్రం లైసెన్స్ లేనిదే బిల్డర్లు దగ్గరికి రానియ్యరు. ఆధార్, పాన్, ఫోటో పెట్టి, ఫీజు కట్టి తెచ్చుకున్న. అద్దం కట్టిచ్చి గోడకు తగిలిస్తే అత్తమ్మ, "ఇండ్లు చూపెట్టెటందుకు గూడ సర్టిఫికెట్టా? ఇగ నడిచెటందుకు గూడ ఇస్తరేమో" అన్నది.

ఆ గోడ మాది కాదు, ఇంటి ఓనర్ సేటుది. ఆయన పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. కొడుకులు వేరుపడ్డరు, వాటాలు తెగాలంటే ఇల్లు అమ్మాలె. ఒకనాడు వచ్చి ఆ లైసెన్స్ దిక్కే చూసుకుంట, "బేటీ, నువ్వుండంగ బయటోడు ఎందుకు? నువ్వే అమ్మిపెట్టు" అన్నడు. మంచోడే. మేమెక్కడికి పోవాల్నో ఆయనకు తట్టలే, అంతే. కొనే తాహతు మాకు లేదు. నేను వద్దంటే ఇంకో బ్రోకర్ వస్తడు. సరే అన్న.

అత్తమ్మ పెండ్లయి కాలు పెట్టింది ఈ ఇంట్లనే, మామ పోయింది ఈ ఇంట్లనే. చెప్తే ఏడ్వలే, లొల్లి పెట్టలే. "ఎవలు కొంటరో నేను గూడ చూస్త" అన్నది.

మా ధందాల కిరాయిదారంటే అందరికి భయమే. ఇల్లు చూడనీకి ఎవరన్న వస్తే పక్కకు పిలిచి, నీళ్లు రావు, ఎలుకలు మస్తు అని చెవుల ఊదుతరు. కొనేటోడు మల్ల రాడు, వీళ్లు ఇంకో ఏడాది ఉంటరు. గిసోంటోళ్లతోని నేను మస్తు తిప్పలు పడ్డ. నా ఇంట్లనే ఒకామె తయారైతదనుకోలే. ముందొచ్చినాయనకు నల్లా ఎండిపోయిందని చెప్పింది. తర్వాత వచ్చినోళ్లకు గోడలు నెమ్ము పట్టి దగ్గొస్తదని చెప్పి, దగ్గి గూడ చూపెట్టింది. నాకు నవ్వొచ్చింది. వాళ్లు పోతుంటే లోపల్లోపల సంతోషం గూడ అయింది.

ఆ తర్వాత లాడ్ బజార్ల గాజుల దుకాణమాయన, ఆయన భార్య వచ్చిండ్రు. ఆయన డాబా మీదికి పోతే ఆమె వంటింట్లకు వచ్చింది. అత్తమ్మ నల్లా సంగతి, దగ్గు సంగతి మొదలుపెట్టింది. ఆమె అంతా విని నా దిక్కు తిరిగింది. "అక్కా, మేము కొంటే జన్మల ఒక్కటే ఇల్లు కొంటం. నువ్వు ఈ ఇంట్ల ఉండేదానివి, నిజం చెప్పు" అన్నది.

అబద్ధం ఆడితే ఇల్లు ఇంకొన్నాళ్లు మాకుంటది. నాకు తెలుసు, అత్తమ్మకు తెలుసు.

"ఇల్లు మంచిది" అన్న. "గోడలు మందం, ఎండకాలం సల్లగుంటది. నీళ్లు దినం తప్పి దినం వస్తయి, సరిపోతయి. వానకు మెట్ల కాడ ఒక్క తాన ఉరుస్తది, బకెట్ పెడితే అయిపాయె. బోనాల ఊరేగింపు గడప ముంగటికెల్లే పోతది."

ఎవరిల్లైనా చూపెట్టే గొంతుతోనే చెప్పిన. అత్తమ్మ స్టవ్ దిక్కు తిరిగి చాయ్ పెట్టింది. వాళ్లిద్దరికే పోసింది, నాకు పొయ్యలే.

ఇల్లు వాళ్లే కొన్నరు. అత్తమ్మ నాతోని మాట బంద్ చేసింది. కావాల్సింది మనవరాలితోని చెప్పిచ్చేది. నేను కిషన్‌బాగ్ల రెండు గదులు కిరాయికి మాట్లాడిన. ఊరందరికి ఇండ్లు చూసిపెట్టెదాన్ని, మా కోసం చూస్తుంటే ఒక్కటి గూడ మనసుకు పట్టలే.

సామాను ట్రాలీ ఆటోలకు ఎక్కిస్తున్ననాడు గాజులాయన భార్య తాళాల కోసం వచ్చింది. అత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకొని నల్లా కాడికి తీస్కపోయింది. "దీన్ని గట్టిగ తిప్పకు బిడ్డా, ఊడి చేతికొస్తది. ముందుగాల మట్టినీళ్లొస్తయి, అవి చెట్లకు పొయ్యి. తేటగైనంక పట్టుకో" అన్నది. ఆమె నా దిక్కు చూసింది.

మెట్ల కాడున్న బకెట్ మాదే. ఆటోల పెడ్దామని తీస్తుంటే అత్తమ్మ నా చేతి మీద చెయ్యేసింది.

"వానలు మొదలైతున్నయి, ఆడనే ఉండనియ్యి" అన్నది.

చాయ్ పొయ్యని ఆనాటి సంది, నాతోని ఆమె మాట్లాడిన మొదటి మాట అది.