మైకులో చదవని వాన

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. అలవాటైపోయి, అది బరువన్న సంగతే ఒక్కోసారి మరిచిపోయేవాణ్ణి. ఆకాశం మబ్బు పట్టగానే మళ్లీ గుర్తొచ్చేది. నా పేరు మీకెందుకు లెండి. మాది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున ఒక చిన్న ఊరు. కౌలు సేద్యం నాది. ఓదార్చమని చెప్పడం లేదు. వినండి, చాలు.

మా చర్చిలో పొద్దున ప్రార్థన అయ్యాక మైకులో వాన కబురు చదవడం నా పని. ఎవరూ అప్పగించలేదు, నేనే నెత్తిన వేసుకున్నాను. అంతకుముందు మావాళ్లు తలో మాట నమ్మేవారు. ఒకరు ఫోన్‌లో వాతావరణం యాప్ చూపే సూర్యుడి బొమ్మను, ఇంకొకరు రోజూ తుపాను వచ్చేసిందని అరిచే వీడియో అబ్బాయిని. నేను ఒక కోతల కాలమంతా అన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఎవరు చెప్పిన వాన పడింది, ఎవరిది పడలేదు? మండలాలవారీగా వచ్చే ప్రభుత్వ బులెటిన్ ఒక్కటే నిలబడింది. దాన్నే చదివేవాణ్ణి. ఊరు నా మాట మీద కోత మిషన్‌ని పిలిచేది, నా మాట మీద ధాన్యం ఆరబోసేది. గర్వంగా ఉండేది. ఎందుకుండదు చెప్పండి?

అలా ఉండగా ఒక ఏడాది కోతలు దాదాపు అయిపోయాయి. కాలువ చివర రెండు చేలే మిగిలాయి. ఒకటి మార్తమ్మ పిన్నిగారిది, పక్కది నాది. భర్త పోయాక ఆవిడ ఒక్కరే సేద్యం చేయించుకుంటున్నారు. ఆ చేనే ఆవిడకు ఏడాది తిండి. నేల మెత్తగా ఉండటంతో మిషన్ రోజుకు ఒక్క చేనే కోయగలుగుతోంది. ముందు వంతు ఆవిడది. ఆ పొద్దున మైకు ముందు నిలబడి బులెటిన్ తెరిచాను. ఈ రోజు పొడి వాతావరణం. రేపు భారీ వర్షం. మొదటి ముక్క చదివాను. రెండోది నోటిదాకా వచ్చింది. పంట పోతే కౌలు ఇంకొకరికి ఇచ్చేస్తానన్న పొలం ఆసామి కళ్లముందు మెదిలాడు. మైకు కట్టేశాను.

చర్చి నుంచి నేరుగా కాలువ గట్టుకు వెళ్లాను. పిన్నిగారు మిషన్ కోసం ఎదురుచూస్తున్నారు.

"పిన్నిగారండీ, మీ గింజ ఇంకా పచ్చిగా ఉందండి. ఇంకొక్క రోజు ఎండనిస్తే మిల్లువాళ్లు తేమ ఉందని పేచీ పెట్టరు. ఈవేళ మిషన్ నా చేలో దింపుకుంటానండి."

"రేపు వానేమన్నా ఉందా బాబూ? పొద్దున మైకులో ఏం చెప్పలేదు నువ్వు."

"లేదండి. ఉంటే చెప్పనాండీ?"

"నువ్వే అన్నాక ఇంకేముంది. కోయించుకో బాబూ."

మర్నాడు మధ్యాహ్నం మొదలైన వాన ఒక పట్టాన ఆగలేదు. నా ధాన్యం టార్పాలిన్ బరకాల కింద భద్రంగా ఉంది. ఆవిడ చేను నేలకు వాలిపోయి, నీళ్లలో నాని, కంకుల్లోనే మొలకలొచ్చాయి. చూడలేకపోయాను అంటే నమ్మకండి. రోజూ చూశాను. నా పొలానికి దారి అదే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చి బయట అందరూ అడిగారు. బులెటిన్ తప్పిందండీ, ఇక దాన్ని నమ్మలేం అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మైకు దగ్గరకు వెళ్లడం మానేశాను. ఊరు మళ్లీ వీడియో అబ్బాయి దగ్గరకు పోయింది. అతని కేకలకు భయపడి ఒకసారి పచ్చి చేలు కోసేశారు. ఆ కేకలకే విసిగిపోయి, ఇంకోసారి నిజంగా వాన వస్తుంటే ధాన్యం రోడ్డు మీదే వదిలేశారు. నేను మాత్రం చాటుగా ఆ బులెటినే చూసుకుని కోయించుకునేవాణ్ణి. నీకు భలే కలిసొస్తుందిరా అనేవాళ్లు. పిన్నిగారైతే, అంతా దేవుడి దయ బాబూ, అనేవారు. నేను తల ఊపేవాణ్ణి. ఇంతకన్నా సిగ్గులేనితనం ఉంటుందా?

పొలం పోతుందన్న భయం నిజమే, కాదనను. కానీ నిజం చెప్పి అడిగి ఉంటే? చెరి సగం కోయించుకుందాం బాబూ అని ఆవిడే అనేవారేమో. నేను అడగలేదు. అడగవచ్చన్న ఆలోచన కూడా రాలేదు. ఇప్పటికీ నన్ను తినేసేది అదే.

ఈ ఏడు మళ్లీ ఆవిడ చేను మిగిలింది. ఎప్పుడూ తుపానని అరిచే వీడియో అబ్బాయి ఈసారి వాన లేదన్నాడు. బులెటిన్ ఉందంటోంది. అబ్బాయిని నమ్మి, ఇంకో రోజు ఎండనిద్దామని పిన్నిగారు మిషన్‌ని ఆపించారు. ఆ సంగతి మొన్న సాయంత్రం నాకు తెలిసింది.

నిన్న పొద్దున ప్రార్థన అయ్యాక మైకు అడిగి తీసుకున్నాను. ఆ ఏడు బులెటిన్ తప్పలేదని, వాన ఉందని తెలిసీ నేనే దాచానని, మార్తమ్మ పిన్నిగారి వంతు అలాగే తీసుకున్నానని చెప్పాను. బయట స్పీకర్లోంచి నా మాట నాకే వినబడింది. తర్వాత బులెటిన్ చదివాను. ఈ రోజు పొడి వాతావరణం. రేపు భారీ వర్షం. రెండు ముక్కలూ చదివాను.

పిన్నిగారు నా పక్కనుంచే వెళ్లిపోయారు, ముఖం చూడలేదు. చూడమని ఏ మొహం పెట్టుకుని అడగను? కాసేపటికి కాలువ వైపు నుంచి మిషన్ చప్పుడు వినిపించింది.

ఇప్పుడు వాన పడుతోంది. ఆవిడ ధాన్యం బరకాల కింద ఉంది. ఆవిడ నన్ను క్షమించలేదు, నేను అడగనూ లేదు. ఎన్నేళ్ల తర్వాతో, వాన చప్పుడు వింటూ కూర్చోగలుగుతున్నాను.