నోటీసు నెలకు డ్యూటీ చార్టు

కాలికి కట్టు మార్పించుకోవడానికి ఈ రోజు జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. కట్టు విప్పుతూ నర్సు సునీత అడిగింది.

"సార్, మీరు రిపోర్టరు కదా. నెల నోటీసు ఇవ్వకుండా రేపే ఉద్యోగం మానేస్తే ఆసుపత్రి వాళ్లు ఏం చేస్తారండి?"

నందిగామలో ఆమెకు వేరే ఉద్యోగం దొరికింది. ఇక్కడ వరుస నైట్ డ్యూటీలతో నిద్ర లేదు.

"నైట్లు ఎవరు వేస్తున్నారమ్మా?"

"చార్టు రాసేది నేనేనండి. ఒకళ్లకి చంటిపిల్ల, ఇంకొకళ్లకి పెనుగంచిప్రోలు నుంచి రాత్రిపూట రావడానికి ఆటో దొరకదు. అందరూ బతిమాలితే నా పేరే రాసుకుంటున్నా."

పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తున్న సీనియర్ నర్సు మేరీ ఇటు తిరిగింది.

"నువ్వు రేపే పోతే అవన్నీ నా నెత్తినే పడతాయి. నోటీసియ్యి. ఈ నెల నైట్లు అందరికీ సమానంగా రాయి. ఎట్టాగూ పోయేదానివి, నిన్నెవరేమంటారే?"

సునీతకు ఆ మాట నచ్చింది. నోటీసు ఇస్తానంది. కట్టు పూర్తిచేసి, చేతులు కడుక్కుని, కొత్త చార్టు అక్కడే మొదలుపెట్టింది. మొదటి నైట్ మేరీకి.

"ఓసినీ, సలహా చెప్పినందుకా?"

"సమానంగా అన్నావుగా అక్కా!"

నేను నవ్వితే కాలు నొప్పెట్టింది. ఈ ధైర్యం మనకు నోటీసు ఇచ్చాకే ఎందుకు వస్తుందో, మీకేమైనా తెలిస్తే చెప్పండి.