అరవై అడుగుల కొంగ

జూమ్ రింగు తిప్పినప్పుడల్లా నా లెన్సు కర్ర్ మంటుంది. వేరుశనగ పొట్టు మీద కాలు వేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది ఆ చప్పుడు. ఈ ఉదయం ఆదోనిలో మా మిద్దె మీద నిలబడి, కరెంటు తీగ మీద వాలిన పాలపిట్ట కోసం రింగు తిప్పాను. కర్ర్ మంది. పాలపిట్ట ఎగిరిపోయింది. ఎండకు కాగిన రింగు రబ్బరు వాసన, దాని వెనకే పత్తి నూగు వాసన ముక్కులో దూరి, నేను వరసగా పదకొండు తుమ్ములు తుమ్మాను. పదకొండో తుమ్ముకు ఎదురింటి మేక లేచి నిలబడి నన్ను నిష్ఠూరంగా చూసింది. కళ్ళు తుడుచుకునేసరికి, ఎప్పటిలాగే, కరిబసన్న గుర్తొచ్చాడు.

కరిబసన్న మా జిన్నింగు మిల్లులో పత్తి నాణ్యత చూసే పెద్ద. ఇరవై మూడేళ్ళ వయసులో నేను ఆయన కింద చేరాను. మనందరికీ రెండు కళ్ళుంటే ఆయనకు నాలుగు. రెండు ముఖాన, రెండు బొటనవేళ్ళ చివర. ముఖాన ఉన్నవి కాస్త మసక. వేళ్ళవి మాత్రం గోడ అవతల ఏముందో కూడా చెప్పగలవని మా నమ్మకం. చిటికెడు పత్తి తీసుకుని రెండు చేతుల వేళ్ళ మధ్య లాగేవాడు, కలిపేవాడు, మళ్ళీ లాగేవాడు. చివరికి దువ్విన జుట్టులా సాఫుగా నాలుగు పోగులు మిగిలేవి. ఆ పోగు పొడవునే పింజ అంటారు. దాన్ని చూసి "ఇరవై తొమ్మిది మిల్లీమీటర్లు" అనేవాడు. తర్వాత మిషనులో పెడితే మిషను కూడా అదే చెప్పేది. ఒకే ఒక్కసారి వేరే చెప్పింది. మిషనును రిపేరుకు పంపారు.

నేను చేరిన రోజున పెద్దకడుబూరు వైపు నుంచి ఒక ట్రాక్టరు వచ్చింది. రైతు పత్తిని కుప్ప పోశాడు. నేను ఉత్సాహంగా పైనుంచి గుప్పెడు తీసి, మల్లెపూవులా ఉందని మెచ్చుకున్నాను. కరిబసన్న నన్ను కింద నుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా రాఘవా, పైన పైన గోకుతాండావే, దానికి సక్కిలిగింత పెడతాండావా? సెయ్యి లోపలికి పోనీ."

మోచేతి దాకా పోనిచ్చాను. "ఇంకా" అన్నాడు. భుజం దాకా పోనిచ్చాను. చెంప కుప్పకు ఆనించి, పత్తి చెప్పే రహస్యం వింటున్నవాడిలా పడుకున్నాను. చెయ్యి బయటికి తీస్తే తడిసి పసుపుపచ్చగా మారిన ముద్ద వచ్చింది, దానితో పాటు ఒక బీడీ కట్ట కూడా.

"ఆ కట్ట నాదేనన్నా," అన్నాడు రైతు, సిగ్గుపడకుండా. "రెండు దినాలుగా ఎతుకుతాండాను."

కరిబసన్న బీడీకట్ట ఆయనకు ఇచ్చి, ముద్ద నా చేతిలో పెట్టాడు. "పైన ఉండేది ఆయప్ప మనకు సూపిచ్చాలనుకున్నది. పత్తి అడుగున ఉంటాది. ఎప్పుడు తీసినా అడుగు నుంచి తియ్."

ఇంతటి మనిషికీ ఒక జబ్బు ఉండేది. కెమెరా కనిపిస్తే బిగుసుకుపోయేవాడు. మెడ భుజాల్లోకి దిగిపోయేది, కళ్ళు కోడిగుడ్లయ్యేవి, పెదాలు తాళం వేసుకునేవి. కూతురి పెళ్ళి ఆల్బంలో నూటముప్పై ఫోటోల్లో ఆయన నూటముప్పై సార్లు అప్పుడే పోలీసులకు దొరికినట్టు ఉంటాడు. ఆధార్ కార్డు మీది ఫోటో చూసి బ్యాంకులో పిల్ల లేచి మంచినీళ్ళు ఇచ్చింది.

ఆయన రిటైరు కావడానికి రెండు నెలల ముందు, ఆయన భార్య పార్వతక్క నన్ను పిలిచి ఆ ఆల్బం నా ఒడిలో పెట్టింది.

"ముప్పై ఐదేండ్లు కాపురం సేసినా. ఈ ఫోటోల్లో ఉండే ఆయప్ప ఎవరో నాకు తెలీదు రాఘవా. పత్తి పట్టుకున్నప్పుడు ఆయన మొగం యట్లుంటాదో నువ్వు సూసినావు కదా. అట్లాంటిది ఒక్కటి తియ్. ఉగాది దాటినంక మిల్లుకు పోడు, పత్తి పట్టడు. ఆ మొగం మళ్ళా యాడ దొరుకుతాది?"

నేను సరదాకు పిట్టల ఫోటోలు తీస్తానని ఆమెకు తెలుసు. ఆ పిట్టలు నా ఫోటోల్లో ఆవగింజంత ఉంటాయని తెలియదు. కెమెరాతో పాటు వచ్చిన చిన్న లెన్సే నా ఆస్తి. దగ్గరికి పోతే కరిబసన్న బిగుసుకుంటాడు, దూరం నుంచి తీస్తే నువ్వుగింజ అవుతాడు. కనుక దూరాన్ని దగ్గరికి లాగే లెన్సు కావాలి. ఈ మాట మా ఇంటావిడకు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "పార్వతక్క కోసమైతే కొనుక్కో. కానీ అది మన ఫ్రిజ్ కంటే తక్కువలో రావాల. ఈ ఇంట్లో ఫ్రిజ్‌ను మించింది ఏదీ ఉండకూడదు" అంది. మా ఫ్రిజ్ చాలా చిన్నది.

నెల రోజులు ఫోనులో వీడియోలు చూశాను. లెన్సుల గురించి నాకు తెలియనిది లోకంలో లేదనిపించేంతగా చూశాను, ఏది కొనాలో మాత్రం తెలియలేదు. తక్కువలో వచ్చేవి చివరికంటా లాగితే మసకేస్తాయంటారు. మసకేయనివి కొనాలంటే ఇల్లు అమ్మాలంటారు. చివరికి ఎమ్మిగనూరులో పెళ్ళి ఫోటోలు తీసే మాబాషా తన పాతది అమ్ముతున్నాడని తెలిసి, మిల్లులోనే ఒక మూల నిలబడి ఫోను చేశాను. "రెండొందలు సాలదేమో బాషా. మూడొందల మిల్లీమీటర్లది ఉందా? ఉందా? అయితే ఎవరికీ ఇయ్యొద్దు, వస్తాండాను."

వెనక్కి తిరిగితే కరిబసన్న. ఆయన ముఖం తెల్లబోయి ఉంది. గబగబా మార్కెట్ యార్డు వైపు వెళ్ళిపోయాడు.

ఆయన ముఖం అంతగా తెల్లబోవడానికి కారణం నాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. ముప్పై రెండు మిల్లీమీటర్ల పింజ దొరికితే పండగ చేసుకునే ఊరు మాది. ఎమ్మిగనూరులో మూడొందల మిల్లీమీటర్ల పింజ, అంటే అడుగు పొడవు పోగు ఉన్న పత్తి దిగిందని ఆయన యార్డులో ఒకరికి చెప్పాడు. ఆ ఒకరు ఊరందరికీ చెప్పారు. టీ బంకు దగ్గర ఆ పత్తిని కళ్ళారా చూసినవాళ్ళు సాయంత్రానికి ముగ్గురు తేలారు. ఎమ్మిగనూరు నేతగాళ్ళు దాన్ని వడకకుండానే మగ్గానికి ఎక్కిస్తున్నారని నాలుగో ఆయన.

నిజం చెప్పక తప్పలేదు. సగమే చెప్పాను. "అది పత్తి కాదన్నా, లెన్సు. దానికీ మిల్లీమీటర్లే కొలత. కొంగల ఫోటోలు తీసుకుందామని."

కరిబసన్న భుజం మీది తువ్వాలు విదిలించాడు. "కొంగల కోసరం ఇన్నేండ్ల నా పరువు తీసినావు. పా, నేనూ వస్తా. మిల్లీమీటర్ల సంగతి వాడు నాకు సెప్తాడా?"

ఆ విధంగా, తనను పట్టబోయే వలను బేరమాడడానికి ఆయన స్వయంగా బస్సెక్కి కిటికీ పక్క సీటు కూడా తీసుకున్నాడు.

మాబాషా స్టూడియోలో బల్ల మీద రెండు లెన్సులు పెట్టాడు. ఒకటి డెబ్బై నుంచి మూడొందల దాకా సాగేది. రెండోది ఆరొందలది, ఫిరంగి లాంటిది. ఆ ఫిరంగి ఖరీదులో రెండు ఫ్రిజ్‌లూ ఒక పెళ్ళీ అయిపోతాయి. మాబాషా ఆల్బం తెరిచాడు. పెళ్ళికూతురి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు.

కరిబసన్న ఆల్బం మూశాడు. చిన్న లెన్సును కిటికీ వెలుతురుకు పట్టి లోపల బూజు ఉందేమోనని చూశాడు. తలకిందులు చేశాడు. దాని ముందుభాగం దానంతటదే కిందికి జారి నాలుక చాపింది.

"జారతాండాదే?"

"వయసైంది కదన్నా," అన్నాడు మాబాషా. "మనమూ జారతాం."

"నేను యింకా జారలేదు. సరే, ఈ ఆల్బంలోవన్నీ పైవి. డిలీట్ చేసినవి యాడ పెట్టినావు?"

"డిలీట్ చేసినవి యాడా ఉండవన్నా. అందుకే డిలీట్ అంటారు."

"యాపారం సేసేటోడు ఏదీ పారెయ్యడు బాషా. తియ్."

మాబాషా నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. చివరికి కంప్యూటర్లో ఎవరికీ ఇవ్వని ఫోటోలన్నీ తెరిచాడు. ఒక్కో ఫోటో కింద అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీసిందో రాసి ఉంది. ఇక కరిబసన్నను ఆపేవాడు లేడు. కుర్చీ ముందుకు లాక్కుని, బొటనవేలు స్క్రీనుకు ఆనించి, పింజ చూసినట్టే చూశాడు. మూడొందల దగ్గర పెళ్ళికూతురి ముక్కు మంచులో కలిసిపోయింది, పెళ్ళికొడుకు మెడలో దండ కాలీఫ్లవరైంది. రెండొందల దగ్గర మాత్రం చెవి పోగులో రాయి కూడా నిలిచింది.

"రెండొందల దాకా నిజం సెప్తాది. ఆపైన బొంకుతాది," అన్నాడు. "నీ కొంగ యెంత దూరంలో ఉంటాది?"

గోదాము తలుపు నుంచి ఆయన రోజూ నిలబడే చోటు దాకా నేను అంతకుముందే అడుగులు వేసి కొలుచుకున్నాను. "అరవై అడుగులన్నా" అనేశాను.

"కొంగ నిలబడి కొలిపిచ్చుకునిందా?"

"రోజూ ఒకే తావున నిలబడతాదన్నా. పొద్దుగూకులూ కదలదు. మొండిది."

"మంచి కొంగే. అరవై అడుగులకు ఆరొందలెందుకు? రెండొందల దగ్గర పట్టు, సాలు. బాషా, ఆ జారేదానికి కొంచెం తగ్గించు." మాబాషా తగ్గించాడు. ఫ్రిజ్ పరువు దక్కింది.

రిటైరయ్యే రోజున గోదాము తలుపు దగ్గర పత్తి బేళ్ళ వెనక నక్కాను. గాలి నిండా నూగు. కరిబసన్న ఆఖరి కుప్పలో భుజం దాకా చెయ్యి పెట్టి, చిటికెడు తీసి, లాగడం మొదలుపెట్టాడు. పోగు తెగకుండా సాగినంతసేపు, దూరంగా ఎవరో తన పేరు పిలుస్తుంటే వింటున్నట్టుంది ఆయన ముఖం. రెండొందల దగ్గర ఆపి నొక్కాను. తుమ్ము ఆపుకుంటూ నొక్కాను. నలభై ఒకటి తీశాను.

బాగా వచ్చినదాన్ని పెద్దది చేయించి ఆయన ఇంటికి పట్టుకుపోయాను. పార్వతక్క చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కరిబసన్న ఫోటోను వెలుతురుకు పట్టాడు.

"పింజ బాగా వచ్చింది. ముప్పై ఉంటాది. ఈ ముసలోడెవరు?" అని, ఫోటోను దూరంగా పట్టి, "అరవై అడుగులు," అన్నాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకుని, "ఆ కొంగ నేనా?"

నేను తల వంచుకున్నాను.

"మొండిదన్నావు కదరా," అన్నాడు. ఆ తర్వాత చెయ్యి చాపాడు. "ఇది పైది. మిగిలినవి యాడ పెట్టినావు?"

డిలీట్ చేశానని ఆయన ముందు ఎట్లా చెప్పగలను? కెమెరా తీసి నలభై చూపించాను. ఒకదాంట్లో చెవిలో అగ్గిపుల్ల, ఒకదాంట్లో వీపు గోకుడు, ఒకదాంట్లో ఎవరినో తిడుతూ నోరు కోటగుమ్మంలా తెరిచి ఉండటం. చూస్తూ చూస్తూ ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

ఆయన పోయి రెండేళ్ళయింది. పింజ పట్టుకున్న ఫోటో గోడ మీద ఉంది. పార్వతక్క దండను ఆ వేళ్ళ మీద పడకుండా పక్కకు జరిపి వేస్తుంది. పోయిన నెల వెళ్ళినప్పుడు కాఫీ ఇచ్చి, నా ఎదురుగా కూర్చుని, "అది రోజూ సూస్తానే ఉండాను రాఘవా. అడుగువి సూపిచ్చు" అంది. ఫోనులో ఒక్కొక్కటే తిప్పాను. నోరు తెరిచి తిడుతున్న దాని దగ్గర నా చెయ్యి పట్టి ఆపింది. "ఇదీ మా ఇంటాయన," అంది.

లెన్సు శుభ్రం చేసేవాడు రింగు సందులో పత్తి పోగులు ఇరుక్కున్నాయని, తీసేస్తే చప్పుడు పోతుందని చెప్పాడు. అట్లాగే ఉండనీ అన్నాను. అవి ఆ గోదాములో ఆ రోజు దూరినవే అయ్యుండాలి. పాలపిట్టలకు నేనంటే భయం పోదు, అంతే కదా.