నడిమి మర మీద నూనెచుక్క

"నూనె వేశావా?" అని అడిగింది కంప్యూటర్ డిస్కులు బాగుచేసే డిస్కు పిన్ని. ఆవిడ అన్నయ్య, గడియారాలు బాగుచేసేవాడు, నేలచూపులు చూశాడు. ఇంక చెప్పేదేముంది, వేసేశాడు!

"ఎక్కడ?"

"నడిమి మర మీద. ఒక్క చుక్కేనే చెల్లీ. టిక్కుమంటోంది, తిరగట్లేదు. గడియారం లాంటిదే కదా అనుకున్నా."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! తర్వాత కరెంటిచ్చావా?"

"లేదు. లోపల పళ్ళేనికి ఓ సన్నటి చెయ్యి అతుక్కుపోయి కనిపించింది. భయమేసి మూత పెట్టేశా."

"బతికించావు!"

ఆ డిస్కు వాన టీచరుది. పొద్దున్నే సంచిలో సర్దుతూ జారవిడిచింది. పై అంతస్తులో పిన్ని కొట్టు ఇంకా తెరవలేదని కిందున్న అన్నయ్య చేతికిచ్చింది. బడి పక్క వాగులో నీళ్ళు ఎంత ఎత్తుకొచ్చాయో ఇరవై ఏడేళ్ళుగా రోజూ కొలిచి రాసిన మనిషి ఆమె. పుస్తకాలు చెదలు తింటుంటే అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి ఈ డిస్కులో దాచింది. ఆ వాగు మీద వంతెన కడుతున్నారు. టీచరు అడిగినంత ఎత్తు అక్కర్లేదని ఇంజనీర్ల వాదన. సాయంత్రం నాలుగింటికి సమావేశం. రుజువు ఈ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. అప్పటికి ఒంటిగంటన్నర!

"మెమరీ అంతా పోయిందమ్మా" అని పక్కనే కూర్చున్న టీచరు కళ్ళు తుడుచుకుంది.

ఆ మాట వింటే పిన్నికి ఒళ్ళు మంట. "మెమరీ కాదు టీచరుగారూ! మెమరీ అంటే పలక. కరెంటు పోతే తుడుచుకుపోతుంది. ఇది పుస్తకం. ఈ పళ్ళెం నిండా కోట్ల కొద్దీ అయస్కాంతపు చుక్కలుంటాయి. ఒక్కోటి అటో ఇటో తిరిగి ఉంటుంది, అదే రాత. కరెంటు లేకపోయినా చెక్కుచెదరదు. పళ్ళేనికి గీత పడితేనే చిక్కు."

ఇరవై రెండేళ్ళ కిందట పిన్ని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో బల్లలు తుడిచేది. మూలన పారేసిన డిస్కునొకదాన్ని విప్పి చూస్తే అద్దంలాంటి పళ్ళెంలో తన ముఖమే కనిపించింది. ఇంత నున్నటి దాని మీద రాత ఎక్కడుందబ్బా అని అనుమానం పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. పాడైన డిస్కులు ఇంకా పాడుచేసి చేసి పని నేర్చుకుంది.

గాలిని వడకట్టి లోపలికి పంపే అద్దాల పెట్టెలో డిస్కు పెట్టి మూత తీసింది. మర మీద నూనె మిలమిలలాడుతోంది. పళ్ళెం నిమిషానికి ఐదువేల చుట్లు తిరుగుతుంది. తిరిగిందా, ఆ చుక్క అంతటా చిమ్ముతుంది. ఆ సన్నటి చేతి చివర రాత చదివే మొన పళ్ళేనికి తగలకుండా, వెంట్రుకలో వెయ్యోవంతు ఎడం కూడా లేకుండా తేలుతుంది. మరి నూనె అడ్డొస్తే?

"వేసినవాడివి నువ్వే తియ్యి" అంది పిన్ని.

అన్నయ్య భూతద్దం కంటికి బిగించాడు. కాగితాన్ని సూదిలా మెలితిప్పి, ఊపిరి బిగబట్టి, చుక్కకు తాకించాడు. కాగితం నూనె పీల్చుకుంది. ఇంకోటి. మూడోదానికి మర పొడిగా తేలింది. అబ్బ, అన్నయ్యది ఏం చెయ్యండీ, ఇసుమంతైనా వణకలేదు! తర్వాత పిన్ని అతుక్కున్న చేతిని సన్నటి పుల్లతో లేపి, పళ్ళేన్ని మెల్లగా తిప్పుతూ అంచు దాకా తెచ్చి వదిలింది. మూత బిగించి కరెంటిచ్చింది.

స్‌స్‌స్... తిరిగింది!

"తిరిగిందే!" అని అన్నయ్య గంతేశాడు. టీచరు పిన్ని భుజం పట్టుకుని ఊపేసింది.

జబ్బుపడిన డిస్కులో ఫైలు తెరవకూడదు, ముందు మొత్తం నకలు తీసుకోవాలి. పిన్ని ఎన్నడూ తప్పని నియమం అది. నకలుకు ఆరు గంటలు పడుతుంది. గడియారంలో మూడు కావస్తోంది.

"ఒక్క ఫైలే తియ్యగలను. ఏ ఏడాది వరద కావాలి?"

టీచరు ఆలోచించనే లేదు. ఏడాదీ నెలా తేదీ అన్నీ గబగబా చెప్పింది.

నియమం గట్టున పెట్టి పిన్ని ఆ ఒక్క ఫైలు తెరిచింది. ఆ తేదీ ఎదుట నీళ్ళు పద్నాలుగు అడుగులు! దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, కాగితం మీద అచ్చు తీసి చేతిలో పెట్టింది. టీచరు చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే మెట్లు దిగి పరిగెత్తింది.

మిగతాదానికి నకలు మొదలుపెట్టిన పది నిమిషాలకే డిస్కు కీచుమంది. పిన్ని ఒక్క ఉదుటున కరెంటు తీసేసింది. మూత విప్పితే పళ్ళెం చుట్టూ లోతుగా గీత.

ఐదున్నరకు ఫోను. "లేపుతున్నారమ్మా! వంతెన ఆరడుగులు లేపుతున్నారు! ఆ కాగితం చూశాక ఇంజనీర్లు నోరెత్తితే ఒట్టు!" టీచరు అరుపు గది దద్దరిల్లేలా వినిపించింది.

పిన్ని పట్టలేక నవ్వింది, అంతలోనే గొంతు తగ్గించింది. "టీచరుగారూ, మిగతా ఇరవై ఆరేళ్ళ లెక్కా పోయింది. నా వల్ల కాలేదు."



"పోనీలేమ్మా. ఆ ఇరవై ఆరేళ్ళూ నా పిల్లలందరూ వాగు దాటి ఇళ్ళకు చేరారు."